మన్ను ముట్టినోణ్ణి ఇడిసిపెట్టాల

గురప్ప కాలు విరిగిన చప్పుడు రామాంజులు చెవులతో వినలేదు, చేతులతో విన్నాడు. ఎండిన కందికట్టె విరిస్తే అరచేతికి ఎట్లా తెలుస్తుందో అట్లా తెలిసింది. చుట్టూ నిలబడినవాళ్లు ఇంకా ఈలలు వేస్తూనే ఉన్నారు. గురప్ప ఇంకా కూత ఆపలేదు. "కబడ్డి కబడ్డి" అంటూనే ఉన్నాడు. అంటూ అంటూ ఉండగానే అది ఏడుపైంది.

కువైట్‌లోని వఫ్రాలో గొర్రెల దొడ్ల వెనక ఇసుక బయలు అది. శుక్రవారం మధ్యాహ్నం నమాజు ముగిశాక చుట్టుపక్కల తోటల్లో పనిచేసే మనవాళ్లు అక్కడ చేరతారు. రాయచోటి, చిట్వేలి, సంబేపల్లి... ఒక్కొక్కడిది ఒక్కో ఊరు, అందరిదీ ఒకటే చెమట. పాతబడిన డ్రిప్పు పైపులు తెచ్చి, మేకులు కొట్టి, గీతలు గీసుకుని కబడ్డీ ఆడతారు. వారమంతా వంగిన నడుములు ఆ ఒక్క పూట నిలబడతాయి.

గురప్ప గొర్రెల కాపరి. అతనికి వీసా ఇచ్చిన యజమాని, కఫీల్, ఆస్పత్రికి తీసుకుపోయి కట్టు వేయించాడు. ఆ కట్టు తడి ఆరకముందే దేశంలో ఉండనిచ్చే ఇఖామా రద్దు చేయించి విమానం ఎక్కించాడు. కుంటికాలి కాపరితో గొర్రెలకేం పని?

"ఈడ కాలు ఇరిగితే ఇరిగేది కాలు కాదప్పా, ఇఖామా," అన్నాడు ముస్తాక్ ఆ రోజు. ముస్తాక్‌ది రాయచోటి. అప్పట్లో తోటలకు నీళ్ల ట్యాంకరు తోలేవాడు. కూతకు దిగితే పాదరసం, చేతికి చిక్కడు.

తరువాతి శుక్రవారం ఆట మొదలయ్యే ముందే రూలు పుట్టింది. ఏ పుస్తకంలోనూ లేని రూలు, వఫ్రా ఇసుకలో మాత్రమే చెల్లే రూలు. పట్టుకు చిక్కినవాడు తప్పించుకోలేననుకుంటే అరచేత్తో మన్ను రెండుసార్లు తట్టాలి. తట్టాడంటే అవుటైనట్టే. ఆ క్షణమే ఒంటిమీద ఉన్న చేతులన్నీ లేచిపోవాలి.

"మన్ను ముట్టినోణ్ణి ఇడిసిపెట్టాల! ఇడవనోడు ఇంగ ఈ బయల్లో అడుగు పెట్టేదానికి లేదు," అని అరిచి చెప్పింది చినబాబు. విజిలు అతనిదే, గురప్పను ఎయిర్‌పోర్టు కారెక్కించిందీ అతనే. రామాంజులు పనిచేసే తోటకు చినబాబే మేస్త్రీ.

రామాంజులు ఆ రూలును దేవుడి మాటలా పట్టుకున్నాడు. గురప్ప ఎముక అతని చేతుల్లోంచి పోలేదు మరి. అన్నం కలుపుతున్నా, టమాట కోస్తున్నా, అరచేతుల్లో ఒక్కోసారి ఆ కట్టె విరిగేది.

అతన్ని అందరూ ఉడుము అనేవాళ్లు. వంగి, నేలకు అంటుకుపోయి, కూతకు వచ్చినవాడి చీలమండ పట్టుకున్నాడంటే ఇక అంతే. పద్దెనిమిదో ఏట వచ్చాడు కువైట్‌కు. ఇప్పుడు చెవుల పక్కన తెల్లవెంట్రుకలు. అన్నేళ్లూ ఆడింది ఇసకాటే. పెద్దాట వేరే ఉంది. అబూ హలీఫాలో ఒక హాలు, ఏసీ, ఆకుపచ్చ మ్యాటు, బూట్లు, రెఫరీలు. అక్కడ ఆడేది కంపెనీల జట్లు. మనుషుల్ని ఆటకని తెస్తారు, వీసా మీద మాత్రం హెల్పరనో క్లీనరనో రాయిస్తారు. ముస్తాక్ అట్లాగే ట్యాంకరు దిగి పోయాడు. ఇప్పుడు సులైబియాలో ఒక గోదాముల కంపెనీకి డ్రైవరు, వాళ్ల జట్టుకు రైడరు.

ఇసకాట ఆడేవాళ్లకు పెద్దాట అంటే కప్పూ కాదు, చప్పట్లూ కాదు. తోట దాటే దారి.

తోటలో ఏముందని దాటాలి? చినబాబు చేతిలో ఒక నల్ల పైపు ముక్క ఉంది. మోటారు దగ్గర వాడే మందపాటి రబ్బరు. కోత ఆలస్యమైతే పైపు, పెట్టెలో పచ్చికాయ పడితే పైపు, ఫోను మోగితే పైపు. కువైట్‌లో కొట్టేది షేకే అని ఊళ్లో అనుకుంటారు. ఈ తోటలో షేకు మొహం చూసినవాళ్లే అరుదు. కొట్టే చెయ్యి మన జిల్లాదే, మన యాసలోనే తిడుతుంది. ఆ చేతికి అంత ధైర్యం ఎక్కడిదంటే, కఫీల్ సంతకం పెడితే తప్ప పనివాడు పని మారకూడదన్న పద్ధతి ఇచ్చింది. పారిపోతే దొంగ, పోలీసుకు దొరికితే జైలు. తలుపు అట్లా మూసిపెట్టాక లోపల ఎవడి చేతిలో పైపు ఉంటే వాడే షేకు.

ఒకసారి చినబాబు, కోతపనిలో ఉండే ఆంజిని కొడుతున్నాడు. పాలీహౌసులో నీటి వాల్వు కట్టడం మరిచిపోయాడని. ఆంజి కిందపడ్డాడు. వీపు మీద దెబ్బ పడగానే, శుక్రవారం అలవాటు, అరచెయ్యి తనంతట తానే మన్ను తట్టింది. రెండుసార్లు.

చినబాబు పైపు పైకెత్తి అట్లే ఆగాడు. ఆగి, పకపకా నవ్వాడు.

"ఒరే నా కొడకా, ఇది ఆట కాదురా!"

పైపు దిగింది. చుట్టూ ఉన్నవాళ్లు టమాటాలు కోస్తూనే ఉన్నారు. రామాంజులు కూడా.

*

అబూ హలీఫా నుంచి నాగేంద్రప్రసాద్ వచ్చింది ఒక శుక్రవారం. ఒక కాంట్రాక్టు కంపెనీలో క్యాంపు ఇన్‌చార్జి, వాళ్ల జట్టుకు మేనేజరు. కార్నర్లో ఆడేవాడికి భుజం జారిందట, వారంలో ఫైనలు. తెల్లకారు దిగి, ఇసుక బూట్లకు అంటకుండా నిలబడి ఆట చూశాడు. రామాంజులు వరసగా ముగ్గురి చీలమండలు పట్టాడు.

"ఏం పేరు?"

"రామాంజులు సార్."

"వయసైపోయినట్టుందే."

"నాకు సార్. చేతులకు కాలేదు."

నాగేంద్రప్రసాద్ నవ్వాడు. "గెలిపించు. నీ కఫీల్‌తో మాట్లాడి రిలీజు తీపిస్తా. మా కంపెనీ వీసా, మా క్యాంపులో మంచం."

ఆ మాట చినబాబు కూడా విన్నాడు. మేస్త్రీ వద్దంటే పోలేడు. వద్దనలేదు. తెల్లకారు మనిషితో పేచీ ఎందుకని.

"పో రా. గెలిస్తే అట్నుంచి అట్నే పో," అని భుజం తట్టాడు. తరువాత చెవి దగ్గరికి వచ్చాడు. "ఓడితే మళ్లీ నా చేతికే గదా వచ్చేది. శనివారం కోతకు ఒక్క గంట లేటైతే వీపు మీద తోలుండదు."

గెస్ట్‌హౌసులో వంట చేసే అంకాలమ్మ ఆ రోజు అతనికి రెండు గుడ్లు ఎక్కువ పెట్టింది. "తిను నాయనా. మళ్లీ ఈ తట్టు మొగం చూడాకు."

*

హాలు చల్లగా ఉంది. కంపెనీ బూట్లు వేలి దగ్గర పట్టేశాయి. అన్నేళ్లు ఇసుకను వేళ్లతో కరిచి పట్టుకున్న పాదాలు, రబ్బరు మీద ఏం పట్టుకోవాలో తెలియక బిత్తరపోయాయి.

ఎదురు జట్టులోంచి ముస్తాక్ వచ్చాడు, నవ్వుతూ.

"ఏందన్నా ఇది! ఉడుముకు బూట్లా?"

"నీ కాలు కోసమే తొడుక్కున్యాలే పో రా."

"దొరికితే గదా."

"దొరుకుతావు. వఫ్రాలో దొరకలా?"

"అప్పుడు ట్యాంకరు తోలి అలిసిపోయి దొరికినాన్నా," అని కన్నుకొట్టి పోయాడు.

మొదటి కూతకే రామాంజులు బూటు జారింది. వచ్చినవాడి మోకాలు మూతికి తగిలింది. నోరంతా ఉప్పటి నెత్తురు, ముందుపన్ను కదిలింది. ఉమ్మడానికి చోటు లేదు, మ్యాటు పాడవుతుందని రెఫరీ అరిచాడు. మింగాడు. రెండోసారి వచ్చినవాణ్ణి మాత్రం వదల్లేదు. చీలమండ చిక్కింది, పక్కనున్న ఇద్దరు మీద పడ్డారు. కంపెనీ తెచ్చిన బండల్లాంటి మనుషులు ఇద్దరూ. పడ్డవాడి పక్కటెముకల్లోకి ఒకడు మోచెయ్యి దింపాడు. కూత ఆగిపోయిన తరువాత కూడా దింపాడు. ఆ మనిషిని ఇద్దరు పట్టుకుని బయటికి నడిపించారు. కుర్చీల్లోంచి కేకలు. జనాలు కేకలు వేసేది పట్టుకు కాదు, ఎముకకు అని రామాంజులుకు అప్పుడే అర్థమైంది. పందెం పుంజులకు పేర్లు పెట్టి బనీన్లు తొడిగితే ఎట్లుంటుందో అట్లుంది.

విరామంలో నాగేంద్రప్రసాద్ అతన్ని పక్కకు పిలిచాడు.

"ఆ రాయచోటోడు ఒక్కడే మన ప్రాణం తీస్తున్నాడు. ఈ రోజు వాడు తన కాళ్ల మీద ఇంటికి పోకూడదు."

"పట్టుకుంటా సార్."

"నువ్వు పట్టుకో చాలు. మిగతాది మావాళ్లు చూసుకుంటారు."

"సార్, వాడు డ్రైవరు సార్. కాలు పోతే..."

"వీసా కావాల్నా, వద్దా?"

రామాంజులు జవాబు చెప్పలేదు. చెప్పకపోవడం ఒప్పుకోవడమే అని నాగేంద్రప్రసాద్ అనుకున్నాడు. నిజం చెప్పాలంటే రామాంజులూ అట్లాగే అనుకున్నాడు. మంచం కనపడింది అతనికి. పైపు లేని పొద్దుట కనపడింది.

ముస్తాక్ కూతకు వచ్చాడు. "కబడ్డి కబడ్డి" అంటూ ఎడమకు ఊగాడు, కుడికి తిరిగాడు, ఒక్క అడుగు లోపలికేశాడు. ఆ అడుగు కోసమే రామాంజులు నేలను కరుచుకుని ఉన్నాడు. చీలమండ చేతుల్లో పడింది. తెలిసిన చీలమండే. వఫ్రాలో ఎన్ని శుక్రవారాలు పట్టుకున్నాడో.

ముస్తాక్ బోర్లా పడ్డాడు. గీత మూరెడు దూరంలో ఉంది. కుడివైపువాడు అతని తొడ మీద కూర్చున్నాడు, రెండోవాడు మోకాలు కింద చెయ్యి పెట్టి పక్కకు మెలితిప్పడం మొదలుపెట్టాడు. కాలు వంగే వైపుకు కాదు, వంగని వైపుకు.

అక్కడ మన్ను లేదు. ఆకుపచ్చ రబ్బరుంది. అయినా ముస్తాక్ అరచెయ్యి తట్టింది. రెండుసార్లు.

రామాంజులు ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే మంచం గుర్తుకొచ్చేదేమో. చేతులు విడిపోయాయి.

మిగతా ఇద్దరూ విడవలేదు. వాళ్లకు ఆ రూలు తెలీదు. తెలిసినా వాళ్ల వీసాలూ అదే మనిషి చేతిలో ఉన్నాయి. ముస్తాక్ ఇంకా కూత వదల్లేదు. "కబడ్డి కబడ్డి" అంటూ అంటూ ఉండగానే గొంతు చీరుకుపోయింది. ఆ గొంతు ముస్తాక్‌ది కాదు. గురప్పది.

రామాంజులు మోకాళ్ల మీద పాక్కుంటూ పోయి సొంత జట్టువాడి చీలమండ పట్టుకున్నాడు. పట్టి ఈడ్చాడు. మెలితిప్పుతున్నవాడు ముఖం మీద పడ్డాడు, ముక్కు చిట్లి మ్యాటు ఎర్రబడింది. తొడ మీద ఉన్నవాడు తిరిగి చూసేలోగా రామాంజులు తల వాడి పొట్టలో దిగింది. ఆ సందులోనే "కబడ్డి... కబడ్డి..." అంటూ ముస్తాక్ ఈడ్చుకుంటూ పోయి, వేలి కొసతో మధ్య గీత ముట్టుకున్నాడు.

విజిలు. ఎర్రకార్డు. ఫైనలు పోయింది.

బట్టలు మార్చుకునే గదిలోకి వెనకే నాగేంద్రప్రసాద్ వచ్చాడు. చెంప మీద ఒకటి కొట్టి, "బనీను ఇప్పు. బూట్లు ఇప్పు. కంపెనీవి," అన్నాడు. తరువాత తలుపు దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడ్డాడు. ముక్కు చిట్లినవాడు వచ్చాడు, అతని వెనక రెండోవాడు వచ్చాడు. రామాంజులు తల చేతుల్లో దాచుకున్నాడు. కాళ్లతో తన్నారు. కదిలిన పన్ను నోట్లోంచి జారి నేల మీద పడింది. నడివయసులో దక్కిన పెద్దాట ఒక టీ తాగి లేచేంత సేపు, దాని కూలి ఇది.

బయట మెట్ల మీద ముస్తాక్ కూర్చుని ఉన్నాడు, మోకాలికి ఐసు సంచి పెట్టుకుని. వాపు ఉంది. విరగలేదు.

"ఎందుకిడిసినావన్నా?"

"నువ్వు తట్టినావు గదరా."

"అలవాటున తట్టినా."

"నేనూ అలవాటునే ఇడిసినా."

ముస్తాక్ నవ్వబోయి నవ్వలేకపోయాడు. అతని చూపు రామాంజులు వట్టి కాళ్ల మీద పడింది. తన చెప్పులు విప్పి ముందుకు తోశాడు. "ఏస్కో."

"నీకో?"

"నన్ను కారులో దింపుతారులే. గెల్చినోణ్ణి గదా." ఐసు సంచి సర్దుకుంటూ అడిగాడు, "ఇప్పుడు యాడికి?"

"తోటకే. ఇంగ యాడికి పోతా?"

*

వఫ్రాకు బస్సు లేదు. రోడ్డు పక్క నిలబడి, నిలబడి, కూరగాయలకు పోయే పికప్ ఒకటి దొరికి తోట చేరేసరికి శనివారం పొద్దెక్కింది. కోత సగమైంది. పాలీహౌసు ముందు పెట్టెలు నింపుతున్నవాళ్లంతా తల ఎత్తి చూశారు.

"అయ్యో నాయనా, మొగమేంది వంకాయ మాదిరి అయ్యిండాది!" అంది అంకాలమ్మ, టీ బకెట్టు కింద పెట్టి.

చినబాబు వచ్చాడు. పైపు చేతిలోనే ఉంది.

"రాప్పా పెద్దాట మొగోడా. సొంత జట్టోణ్ణే కొట్టినావంటనే! ఫోన్లో అందరూ చూసినారు. మన జిల్లా మర్యాద నిలబెట్టినావు."

"అన్నా, బస్సు దొరకలా. నీళ్లు తాగి కోతకు పోతా."

"పోదువులే. ముందు ఇది తాగు."

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది మెడ మీద. మూడోది నిన్నటి తన్నులకు కమిలిన పక్కటెముకల మీద పడేసరికి కాళ్లు మడతపడ్డాయి. రామాంజులు బోర్లా పడ్డాడు. నోట్లోకి మన్ను వచ్చింది, ఎరువు వాసన. పన్ను ఊడిన చోట నాలుకకు గుంట తగిలింది. కుడి అరచెయ్యి తనంతట తాను లేచింది, తట్టడానికి. లేచి గాలిలో ఆగింది.

ఇది ఆట కాదురా.

ఆంజి అక్కడే ఉన్నాడు, పెట్టె పట్టుకుని. ఆ చెయ్యి ఆగడం చూశాడు.

రామాంజులు కళ్లకు ఎదురుగా చినబాబు రబ్బరు బూటు ఉంది. బూటు పైన, ప్యాంటు మడత కింద, చీలమండ. లేచిన చెయ్యి తట్టలేదు. పట్టుకుంది. రెండో చెయ్యి మడమ వెనకకు పోయింది.

చినబాబు వెల్లకిలా పడ్డాడు. పెట్టెలు కూలి టమాటాలు దొర్లాయి. "ఇడువ్రా, నా కొడకా!" అని రెండో కాలితో రామాంజులు మొహం మీద తన్నాడు. కన్ను పక్క చర్మం చిట్లింది. పట్టు కదల్లేదు. పైపుతో వీపు మీద కొట్టాడు. పట్టు కదల్లేదు. రామాంజులు మెల్లగా తిప్పాడు, వంగని వైపుకు. ఎముక ఎక్కడ ఉందో, ఇంకెంత తిప్పితే ఏమవుతుందో ఆ చేతులకు తెలుసు. ఒకసారి విన్నాయి కదా.

చినబాబు పైపు వదిలేశాడు. ఆ చెయ్యి నేల మీద పడి మన్ను తట్టింది. రెండుసార్లు. మళ్లీ రెండుసార్లు. మళ్లీ.

శుక్రవారం విజిలు ఊదే మనిషి.

మోటారు ఒక్కటే కొట్టుకుంటోంది.

"ఇది ఆట కాదన్నా," అన్నాడు రామాంజులు. నోటినిండా నెత్తురుండి మాట నానింది. "నువ్వే జెప్పింటివి. ఆంజిగానితో."

"రేయ్... ఇరుగుతాది రా... రామాంజులూ..."

"ఇరిగితే ఏమైతాదో నీకు తెలీదా? గురప్పను నువ్వే గదా కారెక్కిచ్చింది."

"పిల్లోళ్లు గలోణ్ణి రా..."

"ఈడ పిల్లోళ్లు లేనోడు ఎవడుండాడు?"

చినబాబు ఏడుస్తున్నాడు. రామాంజులు చేతుల్లో ఎముక చివరికంటా వచ్చి నిలబడింది. ఇంకొక్క వెంట్రుకవాసి. విరవాలని ఉంది అతనికి. అబద్ధమెందుకు, ఒళ్లంతా అదే అడుగుతోంది. అన్నేళ్ల పైపు, నిన్నటి గది, పోయిన మంచం, అన్నీ ఆ రెండు అరచేతుల్లోకే వచ్చి నొక్కమంటున్నాయి.

"ఆటే అని జెప్పు."

"ఆటే రా..."

"నాకు కాదు. వాళ్లకు."

చినబాబు తల తిప్పాడు. ఆంజి, అంకాలమ్మ, పెట్టెల దగ్గర అందరూ నిలబడి ఉన్నారు. ఒక్కరూ టమాటా కోయడం లేదు.

"ఆటే... యాడైనా ఆటే... మన్ను ముట్టినోణ్ణి..." మోచేతుల మీద లేవబోయాడు, పట్టు కదల్లేదు. "ఇడిసిపెట్టాల..."

రామాంజులు వదిలేశాడు.

చినబాబు కుంటుతూ లేచాడు. వంగి పైపు అందుకోబోయాడు. ఆంజి కాలు దాని మీద ఉంది. తీయలేదు.

"ఏం చినబాబూ," అంది అంకాలమ్మ, టీ గ్లాసులు సర్దుతూ, మామూలు గొంతుతోనే. "అవుటైనోడు గీత బయట కూచోవాల గదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. చినబాబు నిలబడి చూశాడు. తరువాత పోయి, పాలీహౌసు తలుపు బయట బోర్లించిన పెట్టె మీద కూర్చున్నాడు.

అంకాలమ్మ కొంగు తడిపి రామాంజులు కన్ను తుడిచింది. అతను బుట్ట తీసుకుని వరసలోకి పోయాడు. వీసా మారలేదు. షేకుకు ఒక్క ఫోను చేస్తే చాలు, పారిపోయినవాడి కేసో, కొట్టినవాడి కేసో పడుతుంది. కిందపడిన సంగతి చెప్పుకోవడం ఇష్టం లేక చినబాబు చేయకపోవచ్చు. చేయనూ వచ్చు. అవుటైనవాడు ఎప్పటికీ బయట కూర్చోడు, మళ్లీ లోపలికి వస్తాడు. కబడ్డీ ఆడేవాళ్లెవరికైనా తెలిసిన సంగతే అది.

అందుకే రామాంజులు వంగేటప్పుడు వీపు వెనక వరస పాదుల వైపు పెట్టుకున్నాడు, మొహం చినబాబు వచ్చే దారి వైపు. కాసేపటికి తల ఎత్తి చూస్తే, ఆ వరసలో అందరూ అట్లాగే తిరిగి కోస్తున్నారు.